తుంచిన మాట

‘యూదు వ్యతిరేక భాష మీద ముఖచిత్ర కథనం. శుక్రవారానికి కావాలి’ అని మంగళవారం ఎడిటర్‌గారు చెప్పారు. ఆ మూడు రోజుల్లో ఎన్ని కాగితాలు తిరగేసినా మళ్లీ మళ్లీ ఒక నివేదిక దగ్గరికే వెళ్లాను. 2016 జూన్ 30న లండన్‌లో న్యాయవాది షమీ చక్రబర్తి విడుదల చేసిన నివేదిక అది.

బ్రిటన్ లేబర్ పార్టీలో యూదులంటే ద్వేషం ఉందన్న ఆరోపణల మీద ఆ ఏప్రిల్‌లో ఎంపీ నాజ్ షా, లండన్ మాజీ మేయర్ కెన్ లివింగ్‌స్టన్ సస్పెండయ్యారు. నాయకుడు జెరెమీ కార్బిన్ విచారణను చక్రబర్తికి అప్పగించారు.

నివేదికలో నన్ను ఆపేసిన మాట ‘జియో’. మన చెవికది ఫోన్ సిమ్ పేరు. అక్కడ ‘జియోనిస్టు’ను (యూదులకు సొంత దేశం ఉండాలనే వాళ్లను) తుంచి యూదుల మీద విసిరే తిట్టు. దాని పక్కనే ఆమె ‘పాకీ’ని పెట్టారు. అదీ ‘పాకిస్తానీ’ని తుంచిన మాటే. దక్షిణాసియా ముఖం కనిపిస్తే చాలు, ఆ మనిషిది పాకిస్తానో కాదో చూడకుండా విసిరే మాట. అది చక్రబర్తికీ తగిలే మాటే, ఆమె బెంగాలీ తల్లిదండ్రుల బిడ్డ. తెలుగువాళ్లకు ఆ అక్షరాల్లో ఇంకో గాయం కూడా ఉంది: మలం ఎత్తించిన మనుషులకు మనం పెట్టిన పేరు అదే. సుబ్బారావును సుబ్బు అంటే ముద్దు. ఒక జనం పేరును అలా కుదించి, ‘పొట్టి రూపమేగా’ అనడం నేను ఒప్పుకోలేను.

పార్టీలో ఈ రెండు మాటలకూ చోటుండకూడదన్నారామె. ‘జియోనిస్టు’ను మాత్రం నిషేధించలేదు. ఆచితూచి వాడమన్నారు, యూదులకు మారుపేరుగా, వ్యక్తిగత దూషణగా వద్దన్నారు. ఇజ్రాయెల్ మీద వాదనల్లో హిట్లర్, నాజీ పోలికలు మానమన్నారు. ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని విమర్శించే దారి తెరిచే ఉంచిన ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

నచ్చనిదీ ఉంది. పార్టీ నిండా విద్వేషం లేదని తేల్చారు. ఆ విడుదల సభలోనే, మీడియాతో కుమ్మక్కయ్యారని ఒక కార్యకర్త నిందించడంతో యూదు ఎంపీ రూత్ స్మీత్ కన్నీళ్లతో బయటికి వెళ్లిపోయారు. కొన్ని వారాలకే చక్రబర్తికి లేబర్ తరఫున ప్రభువుల సభలో సీటు దక్కింది. 2020 అక్టోబరులో, లేబర్ పార్టీ చట్టాన్ని ఉల్లంఘించిందని బ్రిటన్ సమానత్వ కమిషన్ తేల్చింది.

పూర్వకథ క్లుప్తంగా: ‘యాంటీసెమిటిజం’ (యూదు వ్యతిరేకత) అనే మాటను 1879లో జర్మనీలో వ్యాప్తి చేసిన విల్హెల్మ్ మార్ యూదు ద్వేషి. 2016 మేలో అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మారక కూటమి ఆ మాటకు ఒక నిర్వచనాన్ని ఆమోదించింది. దాని 11 ఉదాహరణల్లో 7 ఇజ్రాయెల్‌కు సంబంధించినవి. దాని మూలప్రతి రాసిన కెనెత్ స్టెర్నే, విశ్వవిద్యాలయాల్లో మాటల్ని అదుపు చేయడానికి దాన్ని వాడొద్దంటున్నారు. ఆ నిర్వచనానికి ప్రత్యామ్నాయంగా 2021లో జెరూసలేం ప్రకటన వచ్చింది.

మన దగ్గర

చక్రబర్తి మానమన్న హిట్లర్ పోలిక మనకు మామూలే. 1997లో చిరంజీవి సినిమా ‘హిట్లర్’ వచ్చింది. కఠినంగా ఉండే అన్నయ్యకు, హెడ్‌మాస్టరుకు మన ఇళ్లలో ఇప్పటికీ ఆ పేరు పెడతాం. దాన్ని వినే చెవులు మన మధ్యే ఉన్నాయి: గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలున్నాయి. వాళ్ల ఇంటి భాషా ఈ తెలుగే.