గ్రామసభ మినిట్సు: యంత్రము వ్రాయునది, సభ్యులు చూడవలసినది

కృష్ణా డెల్టా గ్రామములనుండి కార్యాలయపు పనులమీద విజయవాడ వచ్చినవారిలో, గవర్నర్‌పేటలోనో ఆ చుట్టుపట్లనో ఒక టైపు దుకాణము మెట్లెక్కకుండ తిరిగి వెళ్లినవారు ఒకప్పుడు తక్కువ. అర్జీ కానిండు, ఒప్పందము కానిండు, గ్రామసభ తీర్మానము నకలు కానిండు, చేవ్రాత చిత్తుప్రతిని ఇచ్చి శుభ్రప్రతిని తెచ్చుకొనెడివారు. సభ జరిగిన దినమునకును శుభ్రప్రతి చేతికి వచ్చిన దినమునకును నడుమ వారము గడచిన, ఎవరు ఏమి అన్నదియు సగము మరపున పడెడిది.

ఆ వ్యవధి నేడు తగ్గుచున్నది. భారత ప్రభుత్వ పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ 2025 ఆగస్టు 14వ తేదీన 'సభాసార్' అను సాధనమును ప్రారంభించినది. ఆగస్టు 15నాటి ప్రత్యేక గ్రామసభలతో త్రిపుర రాష్ట్రమున దానిని మొదటగా వాడుకలోనికి తెచ్చిరి. గ్రామసభ వీడియోనుగాని, ధ్వని రికార్డునుగాని పంచాయతీ తన ఇ-గ్రామ్‌స్వరాజ్ లాగిన్ ద్వారా అందులో చేర్చినచో, ఆ సాధనము మాటలను అక్షరములుగా మార్చి, చర్చాసారమును, నిర్ణయములను, చేయవలసిన పనులను విడదీసి మినిట్సు రూపమున అందించును. భాషలకు సంబంధించిన పనిని 2022లో ఆరంభమైన 'భాషిణి' అను జాతీయ వేదిక నిర్వహించును. అది ఎరిగిన భాషలలో తెలుగు కూడ ఉన్నది.

ఇట్టి సాధనము ఎందులకు అవసరమైనదో గ్రహించుట కష్టము కాదు. 2024 ఆగస్టు 23వ తేదీన మన రాష్ట్రములో ఒక్కదినముననే 13,326 గ్రామ పంచాయతీలలో ఉపాధి హామీ పనులకై గ్రామసభలు జరిగినవి. అనగా 13,326 చర్చలు, అన్ని మినిట్సు. వానిని చేతితో వ్రాసి, మరల శుభ్రప్రతి తీసి, పై కార్యాలయములకు పంపుట ఎంత శ్రమయో కార్యదర్శులకు మేము చెప్పనక్కరలేదు.

అయినను, మినిట్సు వట్టి వార్త కాదు. ఇల్లు ఎవరికి రావలెను, ఏ మురుగుకోడు ముందు బాగుపడవలెను అను విషయములకు అదియే ఆధారము. సభలో "అరవై సెంట్లు" అనుకొన్న స్థలము పుస్తకములో "ఇరవై సెంట్లు"గా ఎక్కినచో, ఆరు నెలల పిమ్మట ఎంత మొరపెట్టుకొన్నను చూచువారు పుస్తకమునే చూతురు. కావున యంత్రము ఏ దారిన నడచునో, ఎక్కడ తడబడునో పంచాయతీ సభ్యులు కొంతయైనను తెలిసికొని ఉండవలెను.

దీని నడకకు మన కాలువలే మంచి పోలిక. తలకట్టు వద్ద లాకు తీసిన, నీరు పెద్దకాలువనుండి పిల్లకాలువకు, అచ్చటనుండి పంటబోదెకు తనంత తానే పారును. ప్రతి మలుపునందును మనిషి నిలిచి తోయనక్కరలేదు. అట్లే రికార్డు ముగియుటయే లాకు తీయుట. ధ్వని అక్షరములగును, అక్షరములు సారాంశమగును, సారాంశము పత్రమగును, ఆ పత్రము సంబంధించినవారికి చేరును. ఒక పని ముగియగానే ఆ సంగతిని తరువాతి పనికి తెలియజేయు ఏర్పాటే ఇందలి కీలకము. కాని బోదెనుండి చేనిలోనికి నీరు తిరుగుచోట రైతు పార పట్టుకొని నిలుచును గదా. మినిట్సు విషయమున ఆ చోటు ఎక్కడ అనునదే మేము చెప్పదలచినది.

మండల, జిల్లా అధికారులు జరుపు వీడియో సమావేశములకును ఈ పద్ధతియే వర్తించును. గూగుల్ మీట్‌లో లిఖితప్రతి సౌకర్యము గల ఖాతా ఉన్నయెడల, సమావేశము ముగిసిన పిదప పలికిన మాటలు గూగుల్ డాక్స్ పత్రముగా మారి, సమావేశమును ఏర్పాటు చేసినవారి డ్రైవ్‌లో చేరును. రికార్డు సిద్ధమైనదను కబురును వేరొక సాఫ్ట్‌వేర్‌కు తానే పంపు ఏర్పాటు జూమ్‌లో కలదు. ఇందొక చిన్న సంగతిని గమనింపవలెను. పత్రము చేరునది ఏర్పాటు చేసినవారి ఖాతాకు. పంచాయతీ సమావేశమును కార్యదర్శి తన సొంత ఈమెయిల్‌తో ఏర్పాటు చేసినచో, ఆయనకు బదిలీ అయిన దినమున పంచాయతీ పత్రములు కూడ ఆయన వెంట వెళ్లినట్లే. పుస్తకములు బీరువాలో ఉన్నపుడు ఈ చిక్కు లేదు. పంచాయతీ పేరిట అధికారిక ఖాతా ఉండుట, దాని తాళము బాధ్యులచేతిలో ఉండుట అందువలన ముఖ్యము.

ఇక యంత్రము తడబడు చోట్లు. అరవై, ఇరవైల సంగతి పైన చెప్పితిమి. వెనుక ఫ్యాను తిరుగుచున్నను, రామాలయము మైకు మ్రోగుచున్నను మనుష్యులే ఆ రెండింటిని పొరపడుదురు. మన ప్రాంతపు మాటలు మరియొక చిక్కు. "బోదె" అనిన "బోధ"గా వ్రాయుటకు అవకాశము కలదు. అట్లయినచో పంటబోదె పూడికతీత కాగితముమీద ఉపదేశమైపోవును! నవ్వుకొని దిద్దుకొనదగిన తప్పిది. సర్వే నంబరులో ఒక అంకె మారినచో నవ్వుటకు ఏమియు ఉండదు. కావున మొత్తములను, కొలతలను, సర్వే నంబర్లను అధ్యక్షుడు రెండుమారులు పలుకుట మంచిది. రెండవమారు అంకె అంకెగా, "ఆరు, సున్న" అని పలుకవలెను.

అంతకంటె పెద్ద లోపము వేరొకటి ఉన్నది. యంత్రము వినునదే వ్రాయును. చేతులెత్తి ఆమోదించుట మన సభలలో పరిపాటి. ఎత్తిన చేతులకు శబ్దము లేదు. వీడియోలో అవి కనబడినను, మాటలనుండి తయారగు పత్రములో చేరునను నమ్మకము లేదు. "అనుకూలురు ఇంతమంది, వ్యతిరేకులు ఇంతమంది, తీర్మానము ఆమోదింపబడినది" అని అధ్యక్షుడు మైకులో చెప్పినగాని అది పత్రములోనికి ఎక్కదు. ఎవరైన "నేను ఒప్పుకొనను" అని తల అడ్డముగా త్రిప్పి ఊరకుండినచో, ఆ అసమ్మతియు అంతే.

తలుపు దగ్గర కూర్చున్న స్త్రీల మాట ఏమి? సభలలో మైకు వేదికమీద ఉండును. మంచినీటి కొళాయి రావడములేదని చెప్పవలసినవారు వెనుకవరుసలో ఉందురు. చెవులున్న కార్యదర్శి ఆ మాటను విని పుస్తకమున వ్రాసికొనగలడు. మైకును నమ్ముకొన్న యంత్రమునకు అది గోలగా వినబడును, లేదా వినబడనే వినబడదు. తరువాత పత్రము చూచినవారికి, ఆ పేటలో నీటి బాధయే లేదనిపించును. చేతికందు మైకు ఒకటి సంపాదించి, దానిని వెనుకవరుసలకు పంపుట కొద్దిపాటి ఖర్చు. మైకు పుచ్చుకొనుటకు జంకువారి మాటను పక్కవారైనను అందుకొని పలుకవలెను. కార్యదర్శి చేవ్రాత చిత్తుప్రతిని మానివేయరాదనుటకు మేము చెప్పు మొదటి కారణము కూడ ఇదియే.

రికార్డు చేయుచున్నామని సభ ఆరంభముననే ప్రకటింపవలెను. పింఛను కోరువారు తమ జబ్బు సంగతి చెప్పుకొందురు. కొందరు ఆధార్ సంఖ్యను బిగ్గరగా చదువుదురు. అవి పదిమంది చూచు పత్రములోనికి పోవలసినవి కావు. వ్యక్తుల సమాచార రక్షణకై పార్లమెంటు 2023లో చట్టము చేసినది. సంఖ్యలను కాగితముమీద తీసికొనుడు, మైకులో చదివింపకుడు.

చిత్తుప్రతి వచ్చిన పిదప అందరు కలిసి దిద్దుకొను పత్రముల వలన గొప్ప సౌలభ్యము కలదు. ఒకే పత్రమును సర్పంచు ఇంటినుండియు, వార్డు సభ్యురాలు పొలముగట్టునుండియు ఫోనులో తెరచి చూడవచ్చును. ఎవరు, ఎప్పుడు, ఏ మాట మార్చిరో ఆ పత్రమే గుర్తుంచుకొనును. పాత పుస్తకములో కొట్టివేతలకు ఈ సాక్ష్యము లేదు. అయితే లింకు దొరికిన ప్రతివారికి దిద్దు అధికారము ఇచ్చినచో, తీర్మానము సంతలో పెట్టినట్లే. దిద్దు అధికారము కార్యదర్శికి, వ్యాఖ్య వ్రాయు అధికారము సభ్యులకు, చూచు అధికారము మాత్రము ఇతరులకు ఇచ్చుట క్షేమము.

రైతు పార పట్టుకొని నిలువవలసిన చోటు ఇదియే. చిత్తుప్రతి తనంత తానుగా రావచ్చును. ఆమోదము పొందిన మినిట్సుగా తనంత తానుగా పై కార్యాలయమునకు పోరాదు. కార్యదర్శి దానిని తన చేవ్రాతతో సరిపోల్చవలెను, సభ్యులు తమ వార్డు సంగతులను చూచుకొనవలెను, పిదప అచ్చుతీసి, పుస్తకములో చేర్చి, సంతకములు చేయవలెను. సంతకము అయిన తరువాత పత్రమును దిద్దుటకు వీలులేకుండ చేసి భద్రపరుపవలెను. పొరపాటు బయటపడినచో పాతదానిని మార్చక, సవరణను తరువాతి సభలో వేరుగా వ్రాయుట పద్ధతి.

తరువాతి సభలో మొదటి అంశముగా గడచిన సభ మినిట్సును బిగ్గరగా చదువుట చాలచోట్ల మ్రొక్కుబడిగా మారినది. చదువను లేనివారికి, ఫోను లేనివారికి తమ మాట పుస్తకమున ఎట్లెక్కినదో తెలియు మార్గము అదియొక్కటే. ప్రతి తీర్మానమును పూర్తిగా చదువుటకు ఇరువది నిమిషములు పట్టవచ్చును. ఆ సమయమును కార్యక్రమ పట్టికలో ముందుగనే వేసికొనవలెను. చదువునపుడు కూడ మైకు వెనుకవరుసల చెంతనే ఉండవలెను.