మూడు రాస్ప్‌బెర్రీ పైలతో ఇంట్లో కుబర్నెటీస్: నోడ్ ప్లగ్ పీకే ముందు ఇవి చూసుకోండి

ఫోన్ల రివ్యూలు రాసుకునేవాడికి కుబర్నెటీస్‌తో పనేంటి అనుకోకండి. మా ఇంట్లో నాలుగు ఫోన్లున్నాయి. అన్నీ 128 జీబీవే, అన్నింట్లోనూ "స్టోరేజ్ ఫుల్" మెసేజే. నెలనెలా క్లౌడ్‌కి డబ్బు కట్టడం ఇష్టం లేక, 4 జీబీ ర్యామ్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డులు మూడు కొన్నాను. రూటర్ పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటిలో కే3ఎస్ వేశాను. కే3ఎస్ అంటే చిన్న మెషీన్ల కోసం తేలిక చేసిన కుబర్నెటీస్. దాంట్లో ఒక ఫొటో సర్వర్, యాడ్స్ ఆపే పై-హోల్, ఇంకో రెండు చిల్లర యాప్స్ నడుస్తుంటాయి.

ఒక ఆదివారం మూడో బోర్డు "డిస్క్ ప్రెషర్" అని చూపించింది. దాంట్లోని 32 జీబీ ఎస్‌డీ కార్డు నిండిపోయింది. దానిదేముంది, పెద్ద కార్డు వేద్దామని ప్లగ్ పీకేశాను. మూడు నోడ్లున్నాయి కదా, ఒకటి పోతే మిగతా రెండూ చూసుకుంటాయని ధైర్యం. అసలు కుబర్నెటీస్ ఉన్నదే అందుకు కదా! రెండు నిమిషాలు కూడా కాలేదు, లోపలి నుంచి మా ఆవిడ: "ఏమండీ, నెట్ పోయింది."

ఏం జరిగిందో చెప్పే ముందు కొంచెం బేసిక్స్. క్లస్టర్‌లో ఉండే ఒక్కో మెషీన్‌ని నోడ్ అంటారు. మన యాప్ కంటెయినర్లు పాడ్స్ రూపంలో ఈ నోడ్ల మీద నడుస్తాయి. ప్రతి నోడ్‌లో కుబ్‌లెట్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది. అది పది సెకన్లకోసారి "నేను బతికే ఉన్నా" అని కంట్రోల్ ప్లేన్‌కి కబురు పంపుతుంది. మామూలుగా గూగుల్ 2014లో బయటపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌ని వందల సర్వర్ల మీద వాడతారు. నాది మూడు బోర్డుల ముచ్చట, కానీ రూల్స్ మాత్రం అవే.

ఇక్కడే చాలామంది పొరబడతారు, నేనూ పడ్డాను. నోడ్ ఆగిన మరుక్షణం పాడ్స్ పక్క నోడ్‌కి దూకవు. కబురు రాకపోయినా కంట్రోల్ ప్లేన్ వెర్షన్‌ని బట్టి 40 నుంచి 50 సెకన్లు ఆగుతుంది. అప్పుడు ఆ నోడ్‌ని "నాట్ రెడీ" అని గుర్తు పెడుతుంది. ఆ తర్వాత కూడా డిఫాల్ట్‌గా ఇంకో 300 సెకన్లు ఓపిక పడుతుంది. నెట్‌వర్క్ కేబుల్ కాసేపు వదులైనంత మాత్రాన పాడ్స్ అన్నీ మూటాముల్లె సర్దుకుని పోకూడదని ఈ ఏర్పాటు. అంటే మొత్తం మీద ఆరు నిమిషాల దాకా మీ యాప్ లేనట్టే. నా పై-హోల్ పాడ్ ఒక్కటే ఉంది, అదీ మూడో నోడ్ మీదే ఉంది. ఇంట్లో ప్రతి ఫోనూ వెబ్‌సైట్ అడ్రస్ కోసం దాన్నే అడుగుతుంది. నెట్ పోయిందంటే ఇదన్నమాట.

సరే, ఆరు నిమిషాలు ఆగుదాం అనుకున్నా. పది నిమిషాలైనా రాలేదు! చూస్తే పాడ్ రెండో నోడ్‌కి వచ్చింది కానీ "ఇమేజ్ పుల్ బ్యాక్ ఆఫ్" దగ్గర కూర్చుంది. పై-హోల్ ఇమేజ్ రెండో నోడ్‌లో లేదు, ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి. దించుకోవాలంటే అడ్రస్ తెలియాలి. ఆ నోడ్ అడ్రస్ కోసం రూటర్‌ని అడుగుతుంది, రూటర్ పై-హోల్‌ని అడుగుతుంది, పై-హోల్ ఏమో ఇంకా పుట్టనే లేదు. చెట్టు ముందా విత్తు ముందా! చివరికి రెండో నోడ్‌లో డీఎన్ఎస్ అడ్రస్‌ని 8.8.8.8 అని చేత్తో పెడితే దారికొచ్చింది. ఇంట్లో పై-హోల్‌ని క్లస్టర్‌లో నడిపేవాళ్లు నోడ్లకి మాత్రం బయటి డీఎన్ఎస్ ఇవ్వండి. వీలైతే రెండు కాపీలు, రెండు వేర్వేరు నోడ్ల మీద ఉండేలా పెట్టుకోండి.

నెట్ వచ్చింది, ఇల్లు శాంతించింది. పాత కార్డుని రీడర్‌లో పెట్టాను, ఫార్మాట్ చేసి డ్యాష్‌క్యామ్‌కి వాడుకుందామని. ఎందుకో ఒకసారి ఫోన్‌లో ఫొటో యాప్ తెరిస్తే తెరుచుకోలేదు. పాడ్ "పెండింగ్"లో ఉంది. డిస్క్రైబ్ కొట్టి చూస్తే దాని సారాంశం ఇది: ఒక నోడ్ అందుబాటులో లేదు, మిగతా రెండు నోడ్లూ ఈ వాల్యూమ్‌కి పనికిరావు.

గుండె ఝల్లుమంది. నాన్న పోయి ఏడాదైంది. ఆయన ఫోన్‌లోని ఫొటోలు, వీడియోలు అన్నీ ఈ సర్వర్‌లోకి ఎక్కించి, ఫోన్‌ని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశాను. వేరే కాపీ లేదు. అవన్నీ నా చేతిలో ఉన్న ఆ 32 జీబీ కార్డులోనే ఉన్నాయి.

కారణం ఇదీ. కే3ఎస్‌తో పాటు వచ్చే డిఫాల్ట్ స్టోరేజ్ పేరు లోకల్-పాత్. పాడ్ మొదటిసారి ఏ నోడ్ మీద లేస్తే, డేటా ఆ నోడ్ డిస్క్‌లోనే ఒక ఫోల్డర్‌లో పడుతుంది. ఇక ఆ వాల్యూమ్ ఆ నోడ్ పేరుకి ముడిపడిపోతుంది. కుబర్నెటీస్ పాడ్‌ని ఎన్నిసార్లయినా కొత్తగా పుట్టిస్తుంది కానీ, ఈ ఫోల్డర్‌ని మాత్రం పక్క నోడ్‌కి మోసుకెళ్లదు. మూడు నోడ్లున్నాయి కదా అని మూడు కాపీలున్నట్టు నేనే అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నేనూ చూడలేదు.

పద్ధతి ప్రకారం అయితే ముందు డ్రెయిన్ చేయాలి. "కుబ్‌సీటీఎల్ డ్రెయిన్" అని కొట్టి నోడ్ పేరు ఇస్తే, మొదట ఆ నోడ్‌ని కార్డన్ చేస్తుంది, అంటే కొత్త పాడ్స్ రాకుండా గేటు వేస్తుంది. తర్వాత ఉన్న పాడ్స్‌ని మర్యాదగా పంపించేస్తుంది. ప్రతి నోడ్ మీదా ఉండి తీరాల్సిన డీమన్‌సెట్ పాడ్స్ ఉంటే "ఇగ్నోర్ డీమన్‌సెట్స్" ఆప్షన్ ఇవ్వమని ఆగుతుంది, అది ఇవ్వొచ్చు. "డిలీట్ ఎంప్టీడిర్ డేటా" అడిగితే మాత్రం ఒక్క నిమిషం ఆగండి. పాడ్‌తో పాటు పోయే తాత్కాలిక ఫైల్స్ ఏమున్నాయో చూసుకుని ఇవ్వండి. లోకల్-పాత్ డేటా గురించి డ్రెయిన్ ఏమీ అడగదు. కానీ నేను డ్రెయిన్ చేసి ఉంటే ఫొటో పాడ్ అప్పుడే పెండింగ్‌లో పడేది, ప్లగ్ పీకకముందే, కార్డు ఇంకా బోర్డులో ఉండగానే సంగతి తెలిసేది. పని అయ్యాక అన్‌కార్డన్ చేయడం మర్చిపోకండి, లేకపోతే నోడ్ రెడీగానే ఉంటుంది, కొత్త పని మాత్రం రాదు.

చావు తప్పి కన్ను లొట్టబోయినట్టు, పాత కార్డు మళ్లీ బోర్డులో పెట్టగానే నోడ్ "రెడీ" అయింది, ఫొటోలు వచ్చాయి. ఈసారి తొందరపడలేదు. ఫొటో యాప్ రెప్లికాలు సున్నా చేసి, స్టోరేజ్ ఫోల్డర్ మొత్తాన్ని ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీకి కాపీ చేసుకుని, ఆ తర్వాతే డ్రెయిన్ చేశాను. కొత్త కార్డులో ఓఎస్ వేసి అదే హోస్ట్‌నేమ్ ఇచ్చాను. కే3ఎస్ మాత్రం చేర్చుకోలేదు, నోడ్ పాస్‌వర్డ్ కుదరట్లేదంది. ప్రతి నోడ్‌కీ మొదటిసారి చేరినప్పుడు ఒక రహస్య పాస్‌వర్డ్ పుడుతుంది, అది పాత కార్డుతోనే పోయింది. "కుబ్‌సీటీఎల్ డిలీట్ నోడ్" కొట్టి పాత ఎంట్రీ తీసేస్తే అప్పుడు చేరింది. ఫోల్డర్‌ని అదే పాత్‌లో తిరిగి పెట్టి, రెప్లికా ఒకటి చేయగానే యాప్ లేచింది. హోస్ట్‌నేమ్ మార్చి ఉంటే వాల్యూమ్ తన నోడ్‌ని గుర్తుపట్టేది కాదు.

మొదటి నోడ్ గురించి ఒక మాట. కంట్రోల్ ప్లేన్ ఉండేది దాంట్లోనే. అది ఆగితే మిగతా రెండింట్లో నడుస్తున్న పాడ్స్ నడుస్తూనే ఉంటాయి, కానీ చచ్చిన పాడ్‌ని ఇంకో నోడ్‌కి మార్చేవాడు ఉండడు. దానికీ తోడు కావాలని రెండు కంట్రోల్ ప్లేన్లు పెట్టకండి. డేటాబేస్‌గా వాడే ఈటీసీడీకి మెజారిటీ ఓట్లు కావాలి. ఇద్దరిలో మెజారిటీ అంటే ఇద్దరూ, కాబట్టి ఒకటి పోయినా అంతా ఆగుతుంది. మూడు పెడితేనే ఒకటి పోయినా తట్టుకుంటుంది. పైగా ఈటీసీడీ డిస్క్ మీద తెగ రాస్తుంది, ఎస్‌డీ కార్డు దానికి చాలదు, ఎస్‌ఎస్‌డీ ఉండాల్సిందే. నేనైతే ఒక్క సర్వరే ఉంచి, దాని డేటాబేస్ ఫోల్డర్‌నీ టోకెన్‌నీ రోజూ రాత్రి బ్యాకప్ తీస్తున్నాను.

డ్యాష్‌క్యామ్‌కి వేరే కార్డు కొన్నాను. పాతది మా అమ్మ బీరువాలో ఉంది. ఫొటోల రెండో కాపీ హైదరాబాద్‌లో తమ్ముడి ఇంట్లో ఉన్న హార్డ్ డిస్క్‌కి ఇప్పుడు వెళ్తోంది, 61 శాతం దగ్గర ఉంది.