మీకు తెలుసా? బోనాన్నీ బండ పనినీ ఒకే చేత్తో గీసిన రాజయ్య

హైదరాబాద్‌లో గోల్కొండ, లష్కర్ (సికింద్రాబాద్) బోనాలు అయిపోయి లాల్ దర్వాజా వంతు వచ్చేసరికి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ గల్లీల్లోనూ డప్పు మోగుతుంది. ఒంటినిండా పసుపు పూసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టి, కొరడా ఝళిపిస్తూ పోతురాజు ముందు ఆడుతుంటాడు. వెనకాల వేపమండలు చుట్టి, మీద దీపం పెట్టిన బోనాలతో ఆడవాళ్లు. చేతిలో ఫోనున్న ప్రతివాళ్లూ వీడియో తీస్తుంటారు. ఆ ఫోన్లు పుట్టకముందే ఈ పండుగను బొమ్మకట్టిన తెలంగాణ చిత్రకారుడు ఒకరున్నారని మీకు తెలుసా?

ఆయన కాపు రాజయ్య. 1925లో సిద్దిపేటలో పుట్టారు. బోనాలు, బతుకమ్మ, కోలాటం ఎంత మనసుపెట్టి వేశారో, బండ పని చేసుకునే వడ్డెరలనూ, పొలం పనుల్లో మునిగిన ఊరి జనాన్నీ అంతే మనసుపెట్టి వేశారు. నాకు ఆయన గొప్పతనం ఇక్కడే కనబడుతుంది. పండుగనాడు బోనమెత్తేదీ, మర్నాడు కూలికి పోయేదీ ఒకే మనిషి కదా!

ఆయన గీతకు మూలం నకాషీ కళ. సిద్దిపేటకు దగ్గర్లోని చేర్యాల పటాలు ఆ కళవే. ఖద్దరు గుడ్డకు చింతగింజల గంజి, సుద్దమట్టి, జిగురు కలిపి పూత మీద పూత వేసి ఆరబెడతారు. ఉడుత వెంట్రుకల కుంచెతో సన్నగా గీత లాగుతారు. వెనకంతా ఎర్రెర్రటి రంగు. పటం చుట్ట విప్పుతూ కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. కాకిపడగలవాళ్లు ముదిరాజులకు, మందహెచ్చులవాళ్లు గొల్లలకు తమ తమ కులకథలు వినిపించేవాళ్లు. చేర్యాల పటాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది.

కులపురాణాల కోసం పుట్టిన ఆ బొమ్మల పద్ధతిని రాజయ్య మామూలు జనం దగ్గరికి తెచ్చారు. కథలో దేవుడికి దక్కే చోటు వీళ్లకిచ్చారు.

పండుగనూ పనిపాటలనూ కలిపి చూసిన కళ్లు ఇతర దేశాల్లోనూ ఉన్నాయి. 1559లో చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ వేసిన కార్నివాల్ పండుగ చిత్రం వియన్నా మ్యూజియంలో ఉంది. అందులో వేషాలవాళ్ల పక్కనే వంటచేసేవాళ్లు, చేపలమ్మేవాళ్లు, బిచ్చగాళ్లు, ఆడుకునే పిల్లలు. మన దగ్గర చిత్రకారులు కె.లక్ష్మా గౌడ్, తోట వైకుంఠం కూడా పల్లె మనుషులనే గీశారు. నల్లబొగ్గుతో వైకుంఠం తీర్చిన ఆడవాళ్ల ముఖాలు చూస్తే, రంగులు లేకపోయినా నుదుటి బొట్టు ఎర్రగానే అనిపిస్తుంది.

రాజయ్య 2012 ఆగస్టులో కన్నుమూశారు. బోనాలను తెలంగాణ రాష్ట్ర పండుగగా ప్రకటించింది 2014లో. ఆ మాట ఆయన చెవిన పడి ఉంటే ఎంత బాగుండేది!