ఆంగ్ల గద్యావగాహనము – మన అన్వయ పద్ధతి
బ్యాంకు పరీక్షలకు సిద్ధమగు తెలుగు విద్యార్థులకు ఒక సూచన

తెలుగు బోధించు ఉపాధ్యాయునకు ఆంగ్ల పరీక్షతో ఏమి పని అని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సమంజసమే. హోసూరు ప్రాంతమున అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు చెప్పుచున్న నాకు ఈ పని తనంత తానుగా వచ్చి మీద పడినది. తల్లిదండ్రులు మా బడికి వచ్చి, “అయ్యా, తెలుగులో చదివిన పిల్లవానికి బ్యాంకులో ఉద్యోగము వచ్చునా?” అని అడుగుదురు. తృప్తికరమైన సమాధానము దొరకనిచో పిల్లవానిని వేరొక బడికి మార్తురు. ఆంగ్లమన్న భయము ఈ విధముగా మన తరగతి గదులను ఖాళీ చేయుచున్నది. ఆ భయమునకు ఆధారమెంత, దానికి విరుగుడేమి అని విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

పరీక్షా స్వరూపము

ప్రభుత్వరంగ బ్యాంకులలో పెక్కింటికి ఉద్యోగులను ఎంపికచేయు పరీక్షలను ముంబయిలోని ఐ.బి.పి.ఎస్. అను సంస్థ నడుపుచున్నది. 2011లో అధికారుల పదవులకు ఉమ్మడి వ్రాత పరీక్ష మొదలైనది. ప్రాథమిక పరీక్షలో మూడు విభాగములు కలవు: ఆంగ్లభాష, గణితము, తర్కము. 2025 ప్రకటనల ప్రకారము ఆంగ్లమున 30 ప్రశ్నలు, 30 మార్కులు, 20 నిమిషములు. అనగా ఒక్కొక్క ప్రశ్నకు 40 సెకండ్లు మాత్రమే. ప్రతి విభాగమునందును వేర్వేరుగా కనీసార్హత సాధింపవలెను. గణితమున ఎంత దిట్టయైనను ఆంగ్లమున తప్పిన వానికి ప్రవేశము లేదు.

గుమాస్తా పదవుల పరీక్షను ఆంగ్లము, హిందీలతోబాటు 13 ప్రాంతీయ భాషలలో నడుపవలెనని 2021లో కేంద్ర ఆర్థిక శాఖ నిర్ణయించినది. తెలుగు వానిలో ఒకటి. అయినను ఆంగ్ల విభాగము ఆంగ్లముననే యుండును. మరియొక విశేషమును మనవారు గమనింపవలెను. ప్రశ్నపత్రము ఏయే భాషలలో లభించునన్నది అభ్యర్థి ఎన్నుకొన్న రాష్ట్రమును బట్టి యుండును. తమిళనాటి ఖాళీలకు దరఖాస్తు పెట్టిన మన పిల్లవాడు తెలుగు పత్రమును ఆశింపరాదు. ఒడిశాకు, కర్ణాటకకు, మహారాష్ట్రమునకు పెట్టినవారి స్థితియు అంతియే. స్థానిక భాషలో గాని, హిందీలో గాని సాఫీగా చదువలేనివాడు లెక్కలను, తర్క ప్రశ్నలను సైతము ఆంగ్లముననే చదువవలెను. కావున ఆంగ్ల గద్యమును త్వరగా, తప్పులేకుండ చదువుట ప్రవాసాంధ్ర విద్యార్థికి ఇతరుల కంటె హెచ్చుగా అవసరము.

ఒక విద్యార్థి అనుభవము

మా బడిలో చదివి, పట్టభద్రుడై, ఈ పరీక్షలో రెండుమార్లు ఆంగ్ల విభాగముననే ఆగిన యువకుడొకడు నా యొద్దకు వచ్చెను. అతని చేత లావుపాటి నోటు పుస్తకమొకటి యుండెను. అందు రెండువేల ఆంగ్ల పదములు, వాని అర్థములు చక్కని దస్తూరితో వ్రాసికొనియుండెను. నేనొక గద్యభాగమునిచ్చి చదువుమంటిని. అతడు ముందు ప్రశ్నలను చూచి, అందలి మాటలు గద్యమున ఎచ్చట నున్నవో వెదకి, ఆ వాక్యమునకు దగ్గరగా కనబడిన జవాబును గుర్తించెను. అయిదింట నాలుగు తప్పినవి. “ఇందు రచయిత చెప్పినదేమి? తెలుగులో చెప్పుము” అంటిని. అతడు చెప్పలేకపోయెను. పదములన్నియు తెలిసియు అర్థము తెలియలేదు. లోపము ఆంగ్లమున లేదు, చదువు పద్ధతియందు కలదని నాకు అప్పుడు తోచినది.

కర్త–క్రియల అన్వయము

పద్యము చెప్పునప్పుడు మన గురువులు ఏమి చేయుచుండిరి? ముందు క్రియను పట్టుకొనుమనిరి. ఎవడు? దేనిని? ఎందుచేత? ఎట్లు? అని ఆ క్రియను ప్రశ్నించి, ఒక్కొక్క పదమును దాని స్థానమున నిలుపుమనిరి. దీనినే అన్వయమందుము. ఆంగ్ల వాక్యమునకును ఇదియే మందు.

తెలుగున క్రియ సాధారణముగా వాక్యాంతమున నిలుచును; విశేషణము నామమునకు ముందు వచ్చును. ఆంగ్లమున క్రియ కర్తను అంటి నడచును. విశేషణ వాక్యము నామమునకు తరువాత వచ్చును. “గత సంవత్సరము గ్రామమున శాఖ తెరచిన బ్యాంకు దానిని మూసివేసినది” అని మనమందుము. ఆంగ్లేయుడు “ది బ్యాంక్ దట్ ఓపెన్డ్ ఎ బ్రాంచ్ ఇన్ ది విలేజ్ లాస్ట్ ఇయర్ హాస్ క్లోజ్డ్ ఇట్” అనును. మన విద్యార్థి “ఓపెన్డ్” అను మాట కనబడగానే అదియే ప్రధాన క్రియయనుకొని, బ్యాంకు శాఖ తెరచినదని తృప్తిపడును. మూసినదన్న ముఖ్యార్థము జారిపోవును. “దట్”, “విచ్”, “హూ” అను మాటలు కనబడినచోట ఆగి, అచటి నుండి విశేషణ భాగమును మనస్సున కుండలీకరించి, అసలు క్రియ కొరకు ముందునకు సాగుమని చెప్పినచో ఈ పొరపాటు కొలది దినములలో తొలగును.

చిన్న మాటలను చిన్నచూపు చూడరాదు. “దో” అనగా “అయినను”. “అన్‌లెస్” అనగా “ఐననే తప్ప”. “హార్డ్లీ” యందు “నాట్” లేకున్నను నిషేధార్థము కలదు. “మే” సంభావనను, “మస్ట్” నిశ్చయమును చెప్పును. “సమ్” అన్నదానిని “ఆల్” అని గ్రహించినవాడు ప్రశ్నకర్త పన్నిన వలలో తప్పక పడును.

తాత్పర్య నిర్ణయము

గద్యభాగముపై అడుగు ప్రశ్నలలో కష్టమైనది “రచయిత ముఖ్యాభిప్రాయమేమి?” అనునది. దీనికి మన మీమాంసకులు ఏనాడో ఆరు గుర్తులు చెప్పిరి: ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి. అనగా మొదలు–తుదల ఏకత, మాటిమాటికి వచ్చు విషయము, క్రొత్తగా చెప్పినది, చెప్పుటవలని ప్రయోజనము, పొగడ్త లేక ఉదాహరణము, యుక్తి. వేదవాక్యములకై యేర్పడిన ఈ కొలతలు బ్యాంకు పరీక్షలోని గద్యమునకును చక్కగా సరిపోవును. ఒక ఉదాహరణమును తెలుగున కల్పించి చూపెదను.

“గ్రామమున బ్యాంకు శాఖ తెరచినంతనే వడ్డీవ్యాపారి మాయమగునని పలువురు తలచిరి. శాఖలు పెరిగినవి. అయినను చిన్న రైతు వడ్డీవ్యాపారినే ఆశ్రయించుచున్నాడు. బ్యాంకు వడ్డీ తక్కువయే. కాని అప్పు చేతికందుటకు వారములు పట్టును. విత్తనము కావలసినది తొలకరినాడు. కావున శాఖల సంఖ్య కంటె అప్పు అందు కాలమునే మెరుగుపరుపవలెను.”

ముఖ్యాభిప్రాయమునకు అయిదు జవాబులు ఇచ్చిరనుకొందము. (1) గ్రామములలో బ్యాంకు శాఖలు పెరిగినవి. (2) గ్రామీణ దారిద్ర్యమునకు బ్యాంకులే కారణము. (3) బ్యాంకు వడ్డీ వడ్డీవ్యాపారి వడ్డీ కంటె ఎక్కువ. (4) రైతునకు అప్పు సకాలమున అందుట ముఖ్యము. (5) వడ్డీ వ్యాపారమును చట్టముచే నిషేధింపవలెను.

ఉపక్రమమున ఒక నమ్మకము, ఉపసంహారమున దాని సవరణ కలవు. వారములు, తొలకరి, కాలము అని అభ్యాసము కాలమును గూర్చియే. వడ్డీ తక్కువ యన్న మెచ్చుకోలు అర్థవాదము. అప్పు ఆలస్యమగుట యుక్తి. అన్నియు నాలుగవ జవాబునే చూపుచున్నవి.

తక్కినవి ఎందుచేత తప్పో చెప్పగలుగుట అంతకంటె ముఖ్యము. లక్షణమునకు తార్కికులు చెప్పిన మూడు దోషములను ఇచట స్మరింపవలెను. మొదటి జవాబు గద్యమున ఉన్నదే. కాని ఒక మూలను మాత్రమే తాకును. ఇది అవ్యాప్తి. రెండవది గద్యము హద్దు దాటినది, ఇది అతివ్యాప్తి. మూడవది చెప్పినదానికే విరుద్ధము; అసంభవము. అయిదవది మరియొక విధమైన అతివ్యాప్తి. ఇదియే అన్నిటికంటె మోసకరము. ఏలయన, అది మనలో పలువురి అభిప్రాయము కావచ్చును. కాని రచయిత అట్లు చెప్పలేదు. మన మనస్సులోని మాటను రచయిత నోట పెట్టరాదు. పరీక్షకే గాక, జీవితమునకును ఇది పనికివచ్చు పాఠము.

రచయిత ధోరణిని గూర్చిన ప్రశ్నలకు అలంకార పాఠము తోడ్పడును. వ్యాజస్తుతిని ఎరిగిన విద్యార్థి, పైకి పొగడ్తవలె నుండి లోన ఎత్తిపొడుపైన వాక్యమును ఆంగ్లమునను గుర్తింపగలడు.

పదార్థము సందర్భాధీనము

పదముల పట్టికలు వల్లెవేయుట వ్యర్థమని నేననను; చాలదని మాత్రమే నా మనవి. “ఇంట్రెస్ట్” అనగా ఆసక్తియు నగును, వడ్డీయు నగును. “సెక్యూరిటీ” రక్షణయు నగును, అప్పునకు హామీయు నగును. మన నానార్థముల పాఠమువంటిదే ఇది. ఇందు మన పిల్లలకు ఇతరులకు లేని సౌలభ్యమొకటి కలదు. ఇంట “అవసరము” అనగా అక్కర. తమిళుల నోట, కన్నడిగుల నోట అదే మాట తొందర. మనకు “ఉపన్యాసము” ప్రసంగము. ఒడిశాలో అది నవల. ఇంటికొక అర్థము, వీధికొక అర్థముతో పెరిగిన బాలునకు, మాటకు అర్థము చుట్టుపట్ల నున్న వాక్యమే నిర్ణయించునని వేరుగా బోధింప నక్కరలేదు. అతడెరిగినదానిని జ్ఞప్తికి తెచ్చిన చాలును.

సాధన క్రమము

దినమునకు అరగంట చాలును. మొదటి నెలలో గడియారమును చూడరాదు. ఆంగ్ల దినపత్రిక సంపాదకీయమును గాని, రిజర్వు బ్యాంకు ప్రకటనను గాని తీసికొని, ఒక్కొక్క పేరా చదివి, పుస్తకము మూసి, దాని సారమును ఒక తెలుగు వాక్యమున వ్రాయవలెను. వ్రాయలేనిచో ఆ పేరా అర్థము కాలేదనియే తెలిసికొనవలెను. క్రొత్త పదమును ఒంటిగా గాక, అది వచ్చిన వాక్యముతో సహా వ్రాసికొనవలెను. రెండవ నెలలో సారమును ఆంగ్లముననే వ్రాయవలెను. తెలుగు ఒక మెట్టు, మెట్టుపైననే నిలిచిపోరాదు. పరీక్షామందిరమున అనువదించుకొనుటకు వ్యవధి యుండదు.

మూడవ నెలలో కాలము చూచుకొనవలెను. నిమిషమునకు 80 మాటలు చదువువానికి 400 మాటల గద్యమునకు అయిదు నిమిషములు పట్టును. 160 చదువువానికి రెండున్నర. ఉన్నవి ఇరువదే గనుక ఈ భేదము చిన్నది కాదు. గద్యమును ముందు చేయవలెనా, తుదకు చేయవలెనా అన్నది రెండు విధములను పలుమార్లు పరీక్షించి, తనకు హెచ్చు మార్కులు తెచ్చినదానిని ఎవరికి వారే నిర్ణయించుకొనవలెను.

ఊహించి గుర్తించుటను గూర్చి ఒక లెక్క చెప్పెదను. తప్పు జవాబునకు పావు మార్కు పోవును. అయిదింటిలో ఒకటి గ్రుడ్డిగా గుర్తించిన, సగటున అయిదు ప్రశ్నలకు ఒకటి వచ్చును, నాలుగు పావులు పోవును, లాభము సున్న. కాని పైని చెప్పిన దోషములను బట్టి రెండు జవాబులను నిశ్చయముగా తొలగింపగలిగినచో, మిగిలిన మూడింటిలో ఒకటి ఎన్నుకొనువానికి మూడు ప్రశ్నలకు సగటున ఒకటి వచ్చి, అర పోవును. అర మార్కు మిగులును. అదృష్టము కంటె విచారణ మేలని ఈ లెక్క తెలుపుచున్నది.

ముగింపు

పైని చెప్పిన యువకుడు ఈ పద్ధతిని ఎనిమిది నెలలు సాధన చేసెను. మరుసటి సంవత్సరము ఆంగ్ల విభాగమును దాటెను. ప్రధాన పరీక్షలో గణితము అతనిని ఆపినది. ఉద్యోగము ఇంకను రాలేదు; ఆ సంగతి దాచుట న్యాయము కాదు. కాని “నాకు ఆంగ్లము రాదు, తెలుగులో చదివితిని గదా” అను మాట అతని నోట మరల వినలేదు. ఇప్పుడతడే సాయంకాలములందు మా బడి పిల్లలు నలుగురైదుగురిని కూర్చుండబెట్టుకొని సంపాదకీయములు చదివించుచున్నాడు.

మన సంఘములకు మందిరములు కలవు. బ్యాంకులలో పనిచేసి విశ్రాంతి గైకొన్న పెద్దలును మనలో కలరు. వారమునకు రెండు సాయంకాలములు ఒక గది, ఒక పత్రిక, ఒక పెద్ద – ఇంతకు మించి వ్యయము లేదు. తెలుగున చక్కగా చదువనేర్చినవాడు ఏ భాషనైనను చదువనేర్చును. ఆ నేర్పును మొదట చెప్పవలసినది మా తెలుగు తరగతియే. అది జరుగకున్నచో నేరము మా వంటి ఉపాధ్యాయులదే యగును. తెలుగు భాషది మాత్రము కానేరదు.