గొంతు విజయనగరానిది, జీతం మద్రాసుది

1919లో ఉత్తరాంధ్రకి చెందిన ఇద్దరు రెండు వేర్వేరు పనులు మొదలుపెట్టారు. విజయనగరంలో విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల తెరిచి, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుకి దాని బాధ్యత అప్పగించారు. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి, జనం మాట్లాడే భాషలోనే రాయాలన్న వాదాన్ని వినిపించడానికి ‘తెలుగు’ అనే పత్రిక పెట్టారు. మొదటిది పాటని రాజుగారి కొలువు నుంచి తరగతి గదిలోకి తెచ్చింది. రెండోది మాటని పండితుల చేతిలోంచి అందరి చేతికీ ఇచ్చింది. ఈరోజు తెలుగులో వార్తలు రాసేవారు, చదివేవారు, సీరియళ్లకి గొంతు అరువిచ్చేవారు, సినిమాలకి పాడేవారు ఈ రెండు పనులకీ ఎంతోకొంత రుణపడినవారే. అయినా ఇదే నేల మీద ఇంటర్ పూర్తి చేసిన పిల్లో పిల్లాడో సౌండ్ ఇంజనీరింగ్ చదువుతానంటేనో, జర్నలిజంలోకి వెళతానంటేనో ఇంట్లోవాళ్లు బెంగపడతారు. ఆ బెంగ అర్థంలేనిది కాదు, దాని వెనక అనుభవం ఉంది. అయితే ఆ అనుభవం నుంచి మనం తీసుకున్న పాఠమే సరైనది కాదని నా వాదన. ఇక్కడ కళ అన్నం పెట్టకపోవడానికి కారణం కళ కాదు. కళని మోసుకెళ్లే సాధనం ఇక్కడ లేకపోవడం.

విజయనగరం గాయకుల కథల్ని వరుసగా చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. ఘంటసాల కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఇంటింటా మధుకరం ఎత్తుకుని, సాలూరు చిన్నగురువుగారు పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. నేర్చుకున్నది ఇక్కడ, నిలదొక్కుకున్నది మాత్రం మద్రాసులో. అక్కడ రేడియో ఉంది, గ్రామఫోన్ కంపెనీలున్నాయి, స్టూడియోలున్నాయి. విజయనగరంలో 1935లో పుట్టిన పి. సుశీల కూడా ఇక్కడి సంగీత కళాశాల విద్యార్థినే. కొత్త గొంతు కోసం వెతుకుతున్న సంగీత దర్శకుడు పెండ్యాల నాగేశ్వరరావు ఆమెని రేడియో ద్వారా ఎంచుకుని 1953లో ‘కన్నతల్లి’లో పాడించారు. ఆ తర్వాత ఏవీఎం సంస్థ నెలజీతం మీద ఒప్పందం చేసుకుంది. గాయని నెలజీతం ఉద్యోగి అయిందంటే, వెనక ఒక పరిశ్రమ నిలబడి ఉందని అర్థం. 2016లో గిన్నిస్ సంస్థ ఆమె పేరిట 17,695 పాటలు లెక్కకట్టింది. సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావుదీ ఇదే దారి. చిన్నతనంలోనే గ్రామఫోన్ రికార్డులకి పాడి, 1935లో ‘శ్రీకృష్ణలీలలు’లో కృష్ణుడు వేసి, సంగీత దర్శకుడిగా ‘మల్లీశ్వరి’ దాకా వెళ్లారు. ఈ ముగ్గురి ప్రతిభ గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు. కానీ ప్రతిభకి తోడు మరో రెండు కలిశాయి. ఒకటి క్రమబద్ధమైన శిక్షణ, రెండోది ఆ కాలపు సాంకేతిక సాధనం. శిక్షణ ఈ ప్రాంతంలోనే దొరికింది. సాధనం కోసం రైలెక్కాల్సి వచ్చింది. విశాఖపట్నానికి ఆకాశవాణి కేంద్రం వచ్చిందే 1963లో.

మరి రైలెక్కనివాళ్ల సంగతి? వాళ్లు ఉద్యోగాల్లో చేరారు. శ్రీకాకుళం జిల్లా లుకలాంలో పుట్టిన జె.వి. సోమయాజులు రెవెన్యూ శాఖలో పనిచేస్తూ, తమ్ముడు రమణమూర్తితో కలిసి ‘కన్యాశుల్కం’ ఆడారు. ఆ నాటకం మొదటి ప్రదర్శన 1892లో విజయనగరంలోనే జరిగింది. యాభై దాటాక ‘శంకరాభరణం’ వచ్చేవరకూ ఆయన నటన జీతం తెచ్చిన పని కాదు. పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లికి చెందిన వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో పనిచేస్తూ పాటలు కట్టారు. కాళీపట్నం రామారావు (కారా) మాస్టారు లెక్కలు చెబుతూ ‘యజ్ఞం’ రాశారు. ఇలాంటి జీవితాలు చూసి మన ఇళ్లలో ఒక సూత్రం స్థిరపడింది: ముందు ఉద్యోగం, తర్వాత కళ. ఆ కాలానికి అది తెలివైన సూత్రమే. వాళ్లు ఉద్యోగం చేసింది కళ మీద నమ్మకం లేక కాదు, వాళ్ల ఊళ్లో దానికి డబ్బిచ్చేవాళ్లు లేక.

ఇప్పుడు ఆ పరిస్థితి మారింది, సగం మాత్రమే మారింది. సాధనం మన దగ్గరికే వచ్చింది. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ విశాఖలోని ఒక పేటని, అక్కడి మామూలు మనుషుల్నే తెరమీద నిలబెట్టింది. 2020లో ‘పలాస 1978’ శ్రీకాకుళం మాటనీ, ఉత్తరాంధ్ర జానపద బాణీనీ రాష్ట్రమంతా వినిపించింది. ఒకప్పుడు నవ్వు పుట్టించడానికి మాత్రమే వాడుకున్న యాస ఇప్పుడు కథానాయకుడి నోట పలుకుతోంది. అలాంటి సినిమాకి ఈ యాస నేర్పేవారు కావాలి, షూటింగ్ జరిగేచోటే మాటలు రికార్డు చేసేవారు కావాలి, ఇతర భాషలవాళ్లకి సబ్‌టైటిల్స్ రాసేవారు కావాలి. మారని సగం ఏమిటంటే, ఈ పనులకి శిక్షణ. ఫోన్ చేతిలో ఉంటే చాలదా అంటారు. తప్పెటగుళ్ల బృందాన్ని ఫోన్‌తో రికార్డు చేసి చూడండి. రొమ్ముకి కట్టుకున్న రేకు తప్పెటలు, కాళ్ల గజ్జెలు ఒక్కసారి మోగగానే ఫోన్ తనంతట తానే శబ్దాన్ని తగ్గించేస్తుంది. దాంతో కథ పాడుతున్న గొంతు కూడా అణిగిపోతుంది. మాట వినిపించాలంటే గొంతుకి ఒక మైకు, తప్పెటలకి దూరంగా మరొకటి పెట్టాలి. వాటిని విడివిడిగా రికార్డు చేసి తర్వాత పాళ్లు కలపాలి. ఆ పాళ్లు సరిగా కలపాలంటే ఏ చరణంలో కథ మలుపు తిరుగుతుందో తెలిసి ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఒక్కటే తెలిసినవాడికీ, పాట ఒక్కటే తెలిసినవాడికీ ఈ పని రాదు. రెండూ తెలిసిన మనిషికే ఉపాధి ఉంది.

అసలు గట్టి అభ్యంతరం డబ్బు దగ్గర వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. మండల స్థాయి విలేకరుల్లో చాలామందికి నెలజీతం లేదు. అచ్చయిన వార్తకి లైన్ అకౌంట్ కట్టి ఇచ్చేదే వాళ్ల రాబడి. యూట్యూబ్ వీడియోల మీద వచ్చే ప్రకటనల్లో వాటా కావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ గానీ, తొంభై రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ గానీ ఉండాలి. ఆ గీత దాటినా ఇల్లు గడుస్తుందన్న భరోసా లేదు. అందుకే ఒక ఛానల్ పెట్టుకోవడాన్నే వృత్తి అని పిల్లలకి చెప్పడం అన్యాయం. కానీ డబ్బు రాకపోవడానికి ఇంకో కారణం ఉంది, దాని గురించి మన జిల్లాల్లో దాదాపు ఎవరూ మాట్లాడరు. అది హక్కుల సంగతి. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, సినిమా పాట థియేటర్‌లో సినిమాతో పాటు కాకుండా మరోచోట వినియోగమైతే రచయితకీ సంగీతకర్తకీ రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. ఆ వాటాని సొంతానికి రాసిచ్చేయమని నిర్మాత అడిగినా చెల్లదు. పాడినవారికీ, వాయించినవారికీ కూడా తమ ప్రదర్శన మీద హక్కు ఉంది, అది యాభై ఏళ్లు నిలుస్తుంది. జానపదం ఎవరి సొత్తూ కాదన్నది నిజమే. అయితే దాన్ని ఒక సాయంత్రం ఒక పల్లెలో పాడిన ఆ గొంతు, ఆ పాడిన తీరు పాడినవాళ్లదే. వాళ్ల వీడియో ఎవరో పెట్టుకుంటే, చేతిలో పెట్టిన నాలుగు వందలతో లెక్క తీరిపోదు. సంతకం పెట్టేముందు కాగితంలో ఏముందో చదవడం, పాటకి ఎవరెవరు ఏం చేశారో పేర్లతో నమోదు చేసుకోవడం కూడా రాగం, తాళంతో పాటు నేర్పాల్సిన విద్యే.

రెండో అభ్యంతరం కొత్తది. కృత్రిమ మేధ వచ్చి పాడుతోంది, అనువదిస్తోంది, బొమ్మలు గీస్తోంది కదా, ఇప్పుడు ఈ చదువులెందుకని. కొన్ని పనులు పోతాయి, అందులో సందేహం అక్కర్లేదు. ఫ్లెక్సీ డిజైన్లు, మామూలు అనువాదాలు, చిన్న ప్రకటనలకి గొంతు ఇవ్వడం మీదే బతికేవాళ్లకి గడ్డుకాలమే. అయితే ఆ యంత్రం మనుషులు రాసినవి చదివీ, మాట్లాడినవి వినీ నేర్చుకున్నదే. ఇచ్ఛాపురం రైతు మాట, టెక్కలి సంతలో బేరం, మన్యం కొండల మీది సవర భాష దానికి ఎవరైనా వినిపిస్తేనే తెలుస్తాయి. భారతీయ భాషల్ని యంత్రాలకి నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో ‘భాషిణి’ని తెచ్చింది. ఇలాంటి పనికి గొంతులు సేకరించాలి, విన్నదాన్ని అక్షరం పొల్లుపోకుండా రాయాలి, అర్థం సరిచూడాలి. గిడుగు సవరల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించింది ఇలాంటి శ్రమతోనే. సవర తల్లుల పిల్లలే ఈ పనికి ముందు వరుసలో ఉండాలి, వాళ్లకి తగిన కూలి దక్కాలి.

ఇదంతా కొత్తగా పునాదులు తవ్వి కట్టాల్సింది కాదు. సంగీత కళాశాల నూరేళ్లు దాటి నడుస్తోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జర్నలిజం, రంగస్థలం, సంగీతం, లలితకళల విభాగాలున్నాయి. 1997లో కారా మాస్టారు శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం వేల కథల్ని సేకరించి, స్కాన్ చేసి ప్రపంచానికి అందుబాటులో పెట్టింది. పాత కాగితాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, వెతికితే దొరికేలా వర్గీకరించడం ఈరోజు గ్రంథాలయాలకీ, టీవీ సంస్థలకీ, సినిమా కంపెనీలకీ కావాల్సిన నైపుణ్యం. అయితే ఈ సంస్థలు ఒకదానికొకటి తగలకుండా దేనికదే నడుస్తున్నాయి. గాత్రం, వయొలిన్ నేర్చుకుంటున్న విద్యార్థి అదే ప్రాంగణంలో రికార్డింగ్, మిక్సింగ్ కూడా నేర్చుకోవాలి. జర్నలిజం విద్యార్థి ఒక సెమిస్టర్ కథానిలయంలో పనిచేయాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మొద్దుని వీణగా తొలిచేవారి పనితనాన్ని కెమెరాకెక్కించి, ఆ వీణలకి దూరదేశాల్లో కొనుగోలుదారుల్ని వెతకడం మల్టీమీడియా చదివినవారికి ప్రాజెక్టు కావాలి. సాంస్కృతిక శాఖ ఇంకొక్క పని చేస్తే బాగుంటుంది. పాట, నృత్యం, వీడియో ఒప్పందాలకి తేలిక తెలుగులో ఒక నమూనా పత్రం తయారుచేసి, ప్రతి భజన బృందానికీ, తప్పెటగుళ్ల జట్టుకీ, జముకుల కథ చెప్పే కళాకారుడికీ ఉచితంగా పంచాలి. దానికయ్యే ఖర్చు అచ్చు ఖర్చు మాత్రమే, ఈ ఏడాదే చేయొచ్చు.