ఐదేళ్లు నిండితే పిల్లాడు తండ్రి పరమా?

"బాబుకి శ్రావణంలో ఐదు నిండుతాయి. ఇక వాళ్ల నాన్న తీసుకెళ్లిపోవచ్చట కదండీ?" విడాకుల మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు ఇలా అడుగుతారు. ఈ నమ్మకం ఎవరు పుట్టించారో గానీ బాగా చదువుకున్నవాళ్లను కూడా పట్టుకుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్ చెప్పింది ఇంతే: ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలి. నిండిన మర్నాడు తండ్రికి అప్పజెప్పమని ఎక్కడా లేదు. అదే చట్టం పదమూడో సెక్షన్ బిడ్డ క్షేమాన్ని అన్నిటికన్నా పైన పెట్టింది.

గార్డియన్‌షిప్, కస్టడీ ఒకటే అనుకోవడంతో వచ్చింది ఈ చిక్కు. పొలం పట్టా ఒకరి పేరున ఉంటుంది, దున్నేది ఇంకొకరు కావచ్చు. గార్డియన్ పట్టాదారు. పొద్దున్నే లేపి, జడ వేసి, బడికి పంపి, జ్వరమొస్తే ఆస్పత్రికి పరుగెత్తే మనిషి సాగుదారు. పట్టాలో కూడా తండ్రి ఒక్కడి పేరే ఉండాలని లేదు. ఆయన బిడ్డను పట్టించుకోనప్పుడు, ఆయన బతికుండగానే తల్లి సహజ సంరక్షకురాలు కావచ్చని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సాగు తగాదా వస్తే ఇన్నాళ్లూ ఎవరు దున్నారో అడంగల్‌లోనో పహాణీలోనో వెతుకుతారు. కుటుంబ కోర్టు కూడా ఇన్నాళ్లూ బిడ్డను సాకిందెవరని ఆరా తీస్తుంది. కేసు నడిచినన్నాళ్లూ బిడ్డ ఎవరి దగ్గరుంటే వాళ్ల సాగు రికార్డుకెక్కుతూ ఉంటుంది గనక మధ్యంతర ఉత్తర్వు కోసం అంత పోట్లాట. ఈ పోలికను ఇంతకన్నా లాగకూడదు. నీకెవరు కావాలని పైరును ఎవరూ అడగరు, బిడ్డను అడుగుతారు.

అది ఎలా అడుగుతారన్నది తెలుసుకోవలసిన సంగతి. తెలిసి చెప్పగల వయసుంటే బిడ్డ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అంటుంది, ఆ వయసెంతో మాత్రం రాయలేదు. జడ్జి తన చాంబర్‌లో, అమ్మానాన్నలను బయట ఉంచి మాట్లాడవచ్చు. "అమ్మా, నాన్నా?" అని సూటిగా అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు. హోంవర్క్ ఎవరు చేయిస్తారు, రాత్రి భయమేస్తే ఎవర్ని లేపుతావు, పుట్టినరోజుకి ఎవరెవరొచ్చారు అంటూ పోతే సంగతంతా దానంతటదే బయటపడుతుంది. ఏడేళ్ల పిల్ల "మా అమ్మ నడవడి బాగాలేదు" అందంటే ఆ మాట ఎవరు నూరిపోశారో కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పిల్లలు చెప్పింది చెప్పినట్టు కోర్టు చేయనక్కర్లేదు కూడా. వేసవి సెలవుల్లో కొత్త సైకిల్ వచ్చిన ఇంటివైపు మనసు లాగడం సహజమే.

జీతం ఎక్కువున్నవాళ్లే గెలుస్తారన్నది ఇంకో అపోహ. తల్లికి సంపాదన లేకపోతే బిడ్డ ఖర్చు తండ్రి చేత ఇప్పిస్తారు. తండ్రీకొడుకులకు జాతకాలు పడవంటూ పెద్దమనుషుల పంచాయితీలో తీర్పులిచ్చేవాళ్లూ ఉన్నారు. 1890 చట్టం పదిహేడో సెక్షన్ వయసు, మతం, సంరక్షకుడి గుణం చూడమంది. నక్షత్రం, పాదం సంగతి అందులో లేదు.

కస్టడీ రానివాళ్లకు బిడ్డను చూసే, మాట్లాడే ఏర్పాటు ఉండాలని, దూరాన ఉంటే వీడియో కాల్ అయినా ఉండాలని 2020లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. కస్టడీ ఉత్తర్వు శాశ్వతం కాదు, పరిస్థితి మారితే మళ్లీ కోర్టుకు వెళ్లవచ్చు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తే అక్కడి కోర్టుకే వినే అధికారం. అమెరికాలో పుట్టి పెరుగుతున్న ఇద్దరు పిల్లలను తల్లి హైదరాబాద్ తీసుకొచ్చి ఇక్కడ కేసు వేస్తే, ఆ కేసు వినే అధికారం హైదరాబాద్ కుటుంబ కోర్టుకు లేదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది.