మంచం దగ్గరికే మైదానం

పిల్లల్లో ఎక్కువగా కనిపించేది రక్త క్యాన్సర్. చికిత్స తరచుగా రెండు మూడేళ్లు సాగుతుంది. కీమోతో తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో బిడ్డను వార్డు దాటనివ్వరు. బూజు భయంతో మట్టినీ పూలనూ దగ్గరికి రానివ్వరు.

ఇలాంటి పిల్లల కోసం నటుడు పాల్ న్యూమన్ 1988లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఉచిత శిబిరం తెరిచారు. అక్కడికి రాలేని పిల్లల దగ్గరికి శిబిరం వాళ్లే ఆసుపత్రులకు వెళ్తారు.

మన గుంటూరు పెద్దాసుపత్రిలోనూ నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. డాక్టర్ల అనుమతితో అక్కడా ఈ పని చేయవచ్చు. ఉతికిన దుప్పటితో గుడారం, గోడపై టార్చి నక్షత్రాలు, ఫోనులో కోకిల కూత చాలు. బొమ్మలు తుడవడానికి వీలైనవి కొనాలి. జలుబున్నవారు వెళ్లకూడదు. ఆట వద్దంటే బలవంతపెట్టకూడదు. సూదిని వద్దనలేని బిడ్డ కదా! (బడిలో మేమూ ఈ సంగతి మరుస్తుంటాం.)

దాతలం పండ్లు పంచి, ఫోటో దిగి వస్తున్నాం. ఈసారి ఆ డబ్బుతో బొమ్మలు కొని, వారం వారం ఒకే మనిషిని గంటసేపు పంపుదాం.